పాత సిస్టమ్ ఆన్ చేస్తే బీప్‌లు, డిస్‌ప్లే లేదు: ముందు ర్యామ్ సంగతి తేల్చండి

ప్రశ్న: మాది కాకినాడ. ఇంట్లోనే డీటీపీ పని చేస్తుంటాను, పెళ్లి కార్డులు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు. సిస్టమ్ 2012లో కొన్నది. ఐ3 రెండో జనరేషన్, హెచ్61 బోర్డు, 2 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు రెండు, విండోస్ 7. వానలు మొదలైనప్పటి నుంచి పొద్దున ఆన్ చేస్తే పొడుగ్గా బీప్‌లు మోగుతున్నాయి, డిస్‌ప్లే రావడం లేదు. నాలుగైదుసార్లు ఆపి వేస్తే వస్తుంది. వచ్చాక కూడా పేజ్‌మేకర్‌లో పని మధ్యలో బ్లూ స్క్రీన్ పడి, మెమొరీ మేనేజ్‌మెంట్ అని చూపించి రీస్టార్ట్ అవుతోంది. తెలిసిన అబ్బాయి ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేశాడు, రెండు రోజులకే మళ్లీ మొదలైంది. ఆన్‌లైన్‌లో 4 జీబీ ర్యామ్ ఒకటి తెప్పించి పెడితే అసలు డిస్‌ప్లేనే రాలేదు. షాపులో చూపిస్తే బోర్డు పోయింది, కొత్త సిస్టమ్ తీసుకోమంటున్నారు. నా పాత ఫైళ్లన్నీ అను ఫాంట్స్‌లో ఉన్నాయి, అవి పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: కొత్త సిస్టమ్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు రాసినవన్నీ చదివితే అనుమానం ర్యామ్ మీదికో, అది కూర్చునే స్లాట్ మీదికో పోతోంది తప్ప, బోర్డు పూర్తిగా పోయిందని చెప్పడానికి అందులో ఆధారం ఏమీ కనిపించడం లేదు. ఆ బీప్ దానంతట అది మోగదు. పవర్ ఇవ్వగానే ప్రాసెసర్ బోర్డు మీదున్న బయోస్ చిప్‌లోని ప్రోగ్రామ్‌ని నడపడం మొదలుపెడుతుంది, ఆ ప్రోగ్రామ్ ర్యామ్ కోసం వెతుకుతుంది, దొరక్కపోతేనో, దొరికినా రాసింది రాసినట్టు తిరిగి చదవలేకపోతేనో, తెర మీద చెప్పే వీలు ఇంకా లేదు కాబట్టి బీప్ రూపంలో చెబుతుంది. అంటే బీప్ వినిపించిన ప్రతిసారీ మీ ప్రాసెసర్, బయోస్, ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో అన్నిటికీ పవర్ ఇచ్చే డబ్బా) కనీసం ఆ మాత్రం పని చేస్తున్నాయన్నమాట. షాపులో స్టిక్‌లు, అంటే ర్యామ్‌లు, మార్చి మార్చి పెట్టి చూశాకే బోర్డు పోయిందన్నారా, ఆన్ చేసి డిస్‌ప్లే రాలేదని అనేశారా అన్నది మీరు రాయలేదు. రెండోదైతే ఆ మాట మీద డబ్బు ఖర్చు పెట్టకండి.

అన్నింటికంటే ముందు మీ ఫైళ్లు. ర్యామ్ మీద అనుమానం ఉన్న సిస్టమ్‌లో పని చేయడం ఆపేయండి, ఈ రోజు నుంచే. మీరు సేవ్ కొట్టిన ఫైల్ డిస్క్ మీదికి వెళ్లేది ర్యామ్ గుండానే, అక్కడ ఒక బిట్ తారుమారైతే అదే తప్పు డిస్క్ మీద రాసుకుపోతుంది, మీకు ఎర్రర్ కూడా రాదు. ఎప్పుడో ఆ ప్రశ్నపత్రం తెరిచినప్పుడు ఫైల్ పాడైందని తెలుస్తుంది. బ్యాకప్ తీసుకుందామని ఇదే సిస్టమ్ ఆన్ చేసి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినా ఇదే గొడవ. కాబట్టి హార్డ్‌డిస్క్ ఊడదీసి, బాగున్న వేరే కంప్యూటర్‌కి తగిలించి అక్కడి నుంచి కాపీ చేయించండి. సాటా టు యూఎస్‌బీ కేబుల్ అని దొరుకుతుంది, డెస్క్‌టాప్ డిస్క్ పెద్దది కాబట్టి పక్కన పవర్ అడాప్టర్ కూడా ఉన్నదే తీసుకోవాలి, ఊరికే యూఎస్‌బీ పవర్ దానికి చాలదు. మీరు చేయలేకపోతే షాపువాళ్లకి ఈ ఒక్క పనే చెప్పండి: డిస్క్ ఫార్మాట్ చేయొద్దు, డేటా మాత్రం వేరే డిస్క్‌లోకి తీసివ్వండి అని. డిస్క్ వాళ్ల దగ్గర వదిలేసి రాకండి, పక్కనే ఉండి చేయించుకోండి. పొద్దున్నే నాలుగైదుసార్లు ఆపి వేయడం కూడా మానేయండి, పాత హార్డ్‌డిస్క్‌కి అలా పదే పదే తిరిగి ఆగడం మంచిది కాదు.

ఇక ఫార్మాట్ సంగతి. ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతాను, ఎందుకంటే మన దగ్గర సిస్టమ్‌కి ఏమొచ్చినా ముందు చేసేది అదే. ర్యామ్ బాగుందో లేదో తేలకుండా విండోస్ మళ్లీ వేయడం వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా నష్టం. ఇన్‌స్టలేషన్ జరుగుతున్నంతసేపూ వేల ఫైళ్లు ఆ ర్యామ్‌లోనే విప్పుకుని డిస్క్ మీదికి వెళతాయి, వాటిలో కొన్ని పాడైతే కొత్తగా వేసిన విండోసే మొదటి రోజు నుంచి జబ్బుతో ఉంటుంది. మీకు రెండు రోజుల్లో తిరగబెట్టిందంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు. ర్యామ్ తేలిన తర్వాత ఎలాగూ ఇంకోసారి విండోస్ వేయాల్సి రావచ్చు, అది అప్పుడు చూద్దాం. ఇప్పుడు మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

డేటా బయటికి తీసుకున్నాక ఒక చిన్న పరీక్ష చేయండి. ప్లగ్ బోర్డులోంచి పవర్ కార్డు పూర్తిగా పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ పక్క డోర్ తీసి, రంగు లేని ఇనుము భాగాన్ని ఒకసారి చేత్తో తాకి, ఆ తర్వాతే లోపల చేయి పెట్టండి. ఒంటి మీదున్న స్టాటిక్ అలా పోతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పకండి, కార్డు పీకినా దాని కెపాసిటర్లలో చాలాసేపు ప్రమాదకరమైన చార్జి ఉంటుంది. ఇప్పుడు రెండు ర్యామ్‌లూ తీసేసి, ఒక్క ర్యామ్ కూడా లేకుండా పవర్ ఇచ్చి ఆన్ చేయండి. భయపడనక్కర్లేదు, దీనివల్ల ఏమీ కాదు. పొడుగు బీప్‌లు మోగితే బోర్డూ ప్రాసెసరూ బతికే ఉన్నాయి, ర్యామ్ లేదని సరిగ్గానే గుర్తుపట్టి చెబుతున్నాయి. ఇక ముందుకు వెళ్లొచ్చు. ర్యామ్ లేకపోయినా ఏ శబ్దమూ లేకుండా ఫ్యాన్ మాత్రమే తిరిగితే అప్పుడు ప్రాసెసర్, బోర్డు, ఎస్‌ఎంపీఎస్ వైపు చూడాలి. మీ సిస్టమ్‌లో బీప్ ఎలాగూ వినిపిస్తోంది కాబట్టి ఈ పరీక్షలో మీరు నెగ్గుతారనే నా నమ్మకం. (ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట: చాలా క్యాబినెట్లలో అసలు స్పీకరే ఉండదు, బోర్డు మీద తగిలించే చిన్న బజర్ విడిగా కొనుక్కోవాలి. అది లేకుండా బీప్ రాలేదంటే దానికి అర్థం లేదు. బీప్‌ల లెక్క కూడా అన్ని బోర్డులకీ ఒకటి కాదు. ఆగి ఆగి మోగే పొడుగు బీప్‌లు చాలా బోర్డుల్లో ర్యామ్‌వి, ఒక పొడుగు తర్వాత రెండు మూడు పొట్టివి వస్తే ఎక్కువగా డిస్‌ప్లే కార్డువి. మీ బోర్డు మాన్యువల్‌లో ఏముందో అదే ఖాయం.)

తర్వాత శుభ్రం చేయడం. వానాకాలంలోనే మొదలైందన్నారు, పైగా సముద్రం పక్క ఊరు. ర్యామ్ అంచున బంగారు రంగులో కనిపించే పళ్లకీ, స్లాట్ లోపలి సన్నటి పిన్నులకీ మధ్య తేమ, దుమ్ము, ఉప్పుగాలి కలిసి పల్చటి పొర కడతాయి. రాత్రంతా ఆపి ఉంచిన సిస్టమ్ పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆ పొర వల్ల కాంటాక్ట్ అందదు, ఆపి వేసి ఆపి వేసి కాస్త వేడెక్కాక అందుతుంది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా అలాగే ఉంది. పవర్ కార్డు మళ్లీ పీకేసి, తీసి ఉంచిన ర్యామ్‌ని అంచులు పట్టుకుని, ఆ పళ్లని పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా, ఒకే దిశలో నాలుగైదుసార్లు తుడవండి. పెన్ను గీతలు చెరిపే గరుకు రబ్బరు వద్దు, పైనున్న బంగారు పూత పల్చటిది, అరిగిపోతే మళ్లీ రాదు. రబ్బరు పొడి పూర్తిగా దులిపేయండి. రబ్బరు కంటే మంచిది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మొబైల్ రిపేరు షాపుల్లో ఐపీఏ అని అడిగితే తెలుస్తుంది, మెత్తటి బట్టకి కొంచెం అద్ది తుడిచి పది నిమిషాలు ఆరనివ్వండి. నీళ్లు, సెంటు, పెట్రోలు జోలికి పోవద్దు. స్లాట్‌లోని దుమ్ముని బ్లోయర్‌తోనో, పొడి పెయింట్ బ్రష్‌తోనో తీయండి, నోటితో ఊదితే తేమ ఇంకాస్త పోసినట్టే.

మళ్లీ పెట్టేటప్పుడు ర్యామ్ కింద ఉన్న గాడి స్లాట్‌లోని గట్టుకి సరిపోయేలా చూసుకుని, రెండు చివర్లా బొటనవేళ్లతో సమంగా నొక్కండి. క్లిప్పులు వాటంతట అవి టక్కున పడాలి. పాత బోర్డు కదా విరిగిపోతుందేమోనని చాలామంది సగమే నొక్కి వదిలేస్తారు, ఒకవైపు కూర్చుని రెండోవైపు వెంట్రుకవాసి పైకి ఉంటుంది, అంతే, మళ్లీ బీప్.

ఇప్పుడు అసలు పని. రెండు స్టిక్‌లూ ఒకేసారి పెట్టకండి. ఒకదానికి స్కెచ్ పెన్నుతో ఒకటి అని, ఇంకోదానికి రెండు అని స్టిక్కర్ పక్కన రాయండి, స్టిక్కర్ మాత్రం పీకకండి, వారంటీ అడగాలంటే అది ఉండాలి. ఒకటో స్టిక్ మొదటి స్లాట్‌లో పెట్టి ఆన్ చేయండి, ఏమైందో కాగితం మీద రాయండి. పవర్ కార్డు పీకి, అదే స్టిక్ రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. తర్వాత రెండో స్టిక్‌తో అలాగే. హెచ్61లో ఉండేవి రెండే స్లాట్లు కాబట్టి మొత్తం నాలుగు కలయికలు, అరగంట పని. ఒక స్టిక్ ఏ స్లాట్‌లో పెట్టినా రాక, ఇంకోటి ఏ స్లాట్‌లో పెట్టినా వస్తే పోయింది ఆ రాని స్టిక్. రెండు స్టిక్‌లూ ఒక స్లాట్‌లో వచ్చి ఇంకో స్లాట్‌లో రాకపోతే స్టిక్‌లు బాగున్నట్టే, ఆ స్లాట్ వైపు లోపం. నాలుగు కలయికల్లోనూ రాకపోతే, ఇలాంటి డీడీఆర్3 సిస్టమే ఉన్న తెలిసినవాళ్ల దగ్గర, వాళ్ల దాంట్లో పని చేస్తున్న స్టిక్ ఒకటి అడిగి తెచ్చి చూడాలి. ఈ పరీక్ష మరుసటి రోజు పొద్దున, సిస్టమ్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఇంకోసారి చేస్తేనే మీ విషయంలో నిజం బయటపడుతుంది, ఎందుకంటే కాస్త వేడెక్కాక మీకు ఎలాగూ వస్తోంది.

కొత్త 4 జీబీ ర్యామ్‌తో డిస్‌ప్లే రాకపోవడాన్ని బట్టి కూడా బోర్డు పోయిందనుకుని ఉంటారు. అది తొందరపాటు. ఆన్‌లైన్‌లో మామూలు ధర కంటే బాగా తక్కువకి దొరికే డీడీఆర్3 4 జీబీ స్టిక్‌లలో కొన్ని ఏఎండీ (ఇంటెల్ లాంటిదే ఇంకో ప్రాసెసర్ కంపెనీ) బోర్డులకి మాత్రమే పని చేస్తాయి. పళ్లూ గాడీ అన్నీ ఒకేలా ఉంటాయి, స్లాట్‌లో చక్కగా కూర్చుంటాయి, కానీ వాటిలో చిప్పుల అమరిక వేరు, మీ ఐ3 లాంటి ఇంటెల్ ప్రాసెసర్ వాటిని చదవలేదు. కొన్న పేజీలో వివరాలు ఇంకోసారి చదవండి, ఎక్కడో చిన్న అక్షరాల్లో ఏఎండీ అని ఉంటుంది, స్టిక్కర్ మీదా ఉండొచ్చు. ఉంటే వాపసు పంపేయండి. లేకపోతే దాన్ని కూడా ఒంటరిగా రెండు స్లాట్లలోనూ పెట్టి చూడండి, పాతదానితో కలిపి కాదు. 1600 స్పీడు ర్యామ్ కొన్నందుకు ఇలా అయిందా అని కూడా అనుమానం వద్దు, రెండో జనరేషన్ ఐ3 దాన్ని 1333 స్పీడుతో నడుపుకుంటుంది, అది లోపం కాదు. డబ్బా మీద 1.35 వోల్టులు అని ఉన్న డీడీఆర్3ఎల్ అయినా మీ 1.5 వోల్టుల బోర్డులో మామూలుగా నడుస్తుంది.

డిస్‌ప్లే వచ్చేసింది కదా అని అక్కడితో ఆగకండి, బ్లూ స్క్రీన్ సంగతి ఇంకా తేలలేదు. వేరే కంప్యూటర్‌లో మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ని దాని సొంత సైట్ నుంచే దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేయించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, ఖాళీది ఇవ్వండి. మీ సిస్టమ్‌ని దాంతో బూట్ చేస్తే విండోస్ ప్రమేయం లేకుండా ర్యామ్‌లోని ప్రతి చోటా రాసి చదివి చూస్తుంది. ఒక్కో స్టిక్‌ని విడిగా పెట్టి రాత్రి వదిలేయండి, కనీసం నాలుగు పాస్‌లు, అంటే మొదటి నుంచి చివరిదాకా నాలుగు రౌండ్లు, పూర్తి కావాలి. తప్పులు సున్నా ఉండాలి, ఒక్కటంటే ఒక్కటి ఎర్రగా కనిపించినా స్టిక్‌ని ఇంకోసారి తుడిచి, రెండో స్లాట్‌లో పెట్టి చూడండి, అక్కడా వస్తే ఆ స్టిక్ పక్కన పెట్టేయండి. కోట్ల బైట్లలో ఒకటే కదా అని షాపులో ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఆ ఒక్కటీ మీ ప్రశ్నపత్రంలోనో విండోస్ గుండెకాయలోనో పడుతుంది. విండోస్ 7లోనే మెమొరీ డయాగ్నస్టిక్ అని ఒకటి ఉంది, స్టార్ట్ మెనూలో మెమొరీ అని కొడితే వస్తుంది. రీస్టార్ట్ అయ్యి పరీక్ష మొదలవగానే ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకుంటే కొంచెం లోతుగా చూస్తుంది. అది తప్పు పట్టుకుంటే నమ్మండి, ఏ తప్పూ లేదంటే మాత్రం అక్కడితో ఆగిపోకండి.

రెండు స్టిక్‌లూ ఒంటరిగా శుభ్రంగా పాసై, రెండూ కలిపి పెట్టినప్పుడే తప్పులు వస్తే? అప్పుడు ఒకదానికొకటి సరిపడటం లేదన్నమాట, లేదా ఎస్‌ఎంపీఎస్ బలహీనపడి వోల్టేజీ తగ్గుతోంది. పదేళ్లు దాటిన ఎస్‌ఎంపీఎస్‌ని బాగున్నదానితో ఒకసారి మార్చి చూడటం మంచిదే, బోర్డు మార్చడం కంటే చాలా చవక. బోర్డు మీద నిలువుగా ఉండే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయేమో, కారాయేమో టార్చి వేసి చూడండి. ఉబ్బి ఉంటే మాత్రం అనుమానం బోర్డు మీదికే. ఒకే స్లాట్ పని చేయకపోతే ఇంకో కారణం కూడా ఉంది. మీ రెండో జనరేషన్ ఐ3లో ర్యామ్‌ని నడిపే కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది, ప్రాసెసర్ కింద సాకెట్‌లో ఒక్క పిన్ను వంగినా, పైన హీట్‌సింక్ ఒకవైపే బిగుసుకున్నా ఒక స్లాట్ పని చేయడం మానేస్తుంది. ఇటీవల ఎవరైనా ఫ్యాన్ తీసి థర్మల్ పేస్ట్ పెట్టారేమో గుర్తు చేసుకోండి. ఇది మీరు ముట్టుకోకండి, చేయి తిరిగినవాళ్ల పని.

సీమాస్ సెల్లు (బోర్డు మీద బిళ్లలా ఉండే చిన్న బ్యాటరీ, తేదీ, బయోస్ సెట్టింగులు నిలబెట్టేది) కూడా 2012 నాటిదే అయితే మార్చేయండి, సీఆర్2032 అని అడిగితే వాచీ షాపులోనూ ఇస్తారు. తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంటే సెల్లు అయిపోయినట్టే. కానీ సెల్లు తీసేముందు, డిస్‌ప్లే వచ్చిన రోజు బయోస్‌లోకి వెళ్లి ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి, ముఖ్యంగా సాటా మోడ్ అని ఉన్నచోట ఐడీఈ ఉందా ఏహెచ్‌సీఐ ఉందా అన్నది. సెల్లు తీస్తే సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి, ఆ ఒక్కటి మారినా విండోస్ మొదలవుతూనే బ్లూ స్క్రీన్ పడుతుంది, అప్పుడు అది కూడా ర్యామ్ వల్లేననుకుని కంగారుపడతారు.

ఒక స్టిక్ పోయిందని తేలితే ఏం కొనాలి? మీ విండోస్ 32 బిట్‌దా 64 బిట్‌దా చూడండి, కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఉంటుంది. 32 బిట్ అయితే ఎంత ర్యామ్ పెట్టినా విండోస్ 7 వాడుకునేది నాలుగు జీబీ లోపే, మూడుంపావు మూడున్నర దగ్గర ఆగిపోతుంది. కాబట్టి 8 జీబీ చేస్తే ఈ సమస్య పోతుందని ఎవరైనా చెబితే ఆ డబ్బు వృథా. పేజ్‌మేకర్‌కి మిగిలిన ఒక్క 2 జీబీ స్టిక్‌తో కూడా కొన్నాళ్లు పని నడుస్తుంది. కొనాలనుకుంటే ఇంటెల్ బోర్డుకి పని చేస్తుందని బిల్లు మీద రాయించుకుని, అక్కడే పెట్టి చూపించమని, పని చేయకపోతే వాపసు అన్న మాట తీసుకుని కొనండి. హైదరాబాద్ వైపు ఎవరైనా వస్తుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత డీడీఆర్3 స్టిక్‌లు అడగొచ్చు. మీ పాత స్టిక్‌ల బిల్లు ఎక్కడైనా ఉందేమో కూడా వెతకండి, చాలా కంపెనీలు ర్యామ్‌కి లైఫ్‌టైమ్ వారంటీ ఇస్తాయి, సిస్టమ్ పాతదైనా అడగడంలో తప్పులేదు.

చివరిగా మీ అను ఫాంట్స్ ఫైళ్లు. ఆ ఫైళ్లలో తెలుగు యూనికోడ్‌లో ఉండదు, ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి కనిపిస్తుంది. అది చూసి ఫైల్ పోయిందనుకోకండి, ఫాంట్లు వేస్తే సరిగ్గానే కనిపిస్తుంది. కాబట్టి బ్యాకప్‌లో పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు అను ఫాంట్లు, దాని సెటప్, పేజ్‌మేకర్ సెటప్ కూడా ఉండేలా చూసుకోండి. పేజ్‌మేకర్ 7ని విండోస్ 10లో అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేసి ఇప్పటికీ పని చేసుకుంటున్నవాళ్లు ఉన్నారు, రేపు కొత్త సిస్టమ్ తప్పనిసరైనా మీ పని ఆగిపోదు. ర్యామ్ తేలాక మళ్లీ మళ్లీ అవసరమయ్యే డిజైన్లని ఫాంట్లు ఎంబెడ్ చేసి, అంటే ఫైల్‌లోనే కలిపేసి, పీడీఎఫ్‌లుగా కూడా దాచుకోండి. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తో ఆగిపోయింది, కనుక ఈ సిస్టమ్‌ని డీటీపీకే ఉంచి, ఇంటర్నెట్ కేబుల్ తీసేసి, మెయిల్, బ్యాంకు పనులు ఫోన్‌లో చూసుకోండి. నాలుగు కలయికల్లో ఏది పెడితే ఏమైందో రాసిన ఆ కాగితం, మెమ్‌టెస్ట్ తెర ఫొటో నాకు పంపండి. దాన్ని బట్టి స్టిక్ కొనాలా, ఎస్‌ఎంపీఎస్ మార్చాలా అన్నది చెబుతాను. షాపుకి వెళ్లాల్సి వచ్చినా ఆ కాగితం చూపించే మాట్లాడండి.